సుద్దగీత మీద పద్నాలుగు అడుగులు

సంతాప సభలో పెద్దసారు అతని గురించి మంచిమాటలే చెప్పాడు. పిల్లల మీద చెయ్యి చేసుకునేవాడు కాదన్నాడు. లెక్కలు బాగా చెప్పేవాడన్నాడు. వాన పడి వాగు పొంగినా బడికి వచ్చేవాడన్నాడు. చివర గొంతు కాస్త తగ్గించి, "ఒకప్పుడు అలవాటున్నా, పట్టుదలతోటి మానేసి మనందరికీ ఆదర్శంగా నిలిచిండు" అన్నాడు. బడి వరండాలో కూర్చున్నవాళ్లు తలలూపారు. నేను చివరి బెంచీలో ఉన్నాను. అతని భార్య నా పక్కన ఉంది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నన్ను లేవనివ్వకుండా ఆపడానికో, తానే లేవకుండా ఉండడానికో తెలియలేదు.

అతను బతికినన్నాళ్లూ ఒక్క చుక్క తాగలేదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మాటలు వాటంతటవే మెత్తబడిపోతాయి. పుస్తకాలు చదివే అలవాటున్నదాన్ని గనుక ఆ మెత్తదనం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. అది నాకిప్పుడు అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఖమ్మంలో బస్టాండుకు దగ్గరగా ఒక పెద్ద గది కిరాయికి తీసుకుని పని మొదలుపెట్టాను. అంతకుముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, బొంబాయి నుంచి వచ్చిన ఒక టీచరు దగ్గర పిలాటిస్ నేర్చుకున్నాను. నడుము సన్నబడాలనుకునే డబ్బున్నవాళ్ల వ్యవహారం అనుకునే వెళ్లాను. నేల మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి బిగించి, నడుము కదలకుండా పట్టి ఉంచి, ఒక్కో కాలినీ ఒక్కో చేతినీ నెమ్మదిగా కదిలించాలి. చూడ్డానికి ఏమీ ఉండదు. చేస్తే తెలుస్తుంది.

ఖమ్మం వచ్చాక దాన్ని నరాల జబ్బులున్నవాళ్లకు నేర్పడం మొదలుపెట్టాను. వణికే చేతికీ తడబడే కాలికీ నేను చేయగలిగింది తక్కువ. కానీ వాటి మధ్యనున్న మొండెం కాస్త నిలకడగా ఉంటే మంచం మీంచి లేవడం, కుర్చీలో కూర్చోవడం, ముద్దను నోటిదాకా చేర్చడం కొంతకాలం సులువవుతాయి. కొంతకాలమే. ఈ జబ్బులు తగ్గేవి కావు, ముదిరేవి. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ మొదటిరోజే చెప్పేదాన్ని. తర్వాత ఆ మాటే మాకు అడ్డం తిరిగింది.

ప్లాస్టిక్ చాపల మీద బొంతలు మడిచి పరిచేదాన్ని. సాగే రబ్బరు పట్టీలు ఇక్కడ దొరకవు కనుక పాత సైకిల్ ట్యూబులు కోసి వాడేదాన్ని. పిలాటిస్ అనే మాట ఎవరికీ పట్టలేదు. అందరూ చాప క్లాసనేవాళ్లు. బుధవారం, శనివారం పొద్దున ఉండేది.

ఆ క్లాసుకు మొదటినుంచీ వచ్చిన మనిషి సత్తుపల్లి వైపునుంచి కారులో వచ్చే ఒక పెద్దావిడ. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. పామాయిల్ తోటలున్నాయి. ఆమెకు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. అలాంటివాళ్లకు నేలమీద అడ్డగీతలు గీస్తే, వాటిని దాటడానికి కాలు లేస్తుంది. అందుకని గుమ్మం నుంచి ఆమె చాపదాకా సుద్దముక్కతో మూరకొక అడ్డగీత గీసేదాన్ని. ఆమె ఒక్కో గీతా దాటుతూ, "ఈ వయసులో నా చేత తొక్కుడుబిళ్ల ఆడిస్తున్నావమ్మాయ్" అనేది.

ఒక బుధవారం క్లాసు మధ్యలో అతను వచ్చాడు. నలభై దాటి ఉండడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. కాళ్లు బాగా ఎడం పెట్టి, పడవలో నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. వెనక అతని భార్య. ఇద్దరూ భద్రాచలం అడవి వైపునుంచి తెల్లవారుజాము బస్సు పట్టుకుని వచ్చారు. తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుని, నాతో తెలుగులో మాట్లాడారు. అతని మాట ఈడ్చినట్టుగా, కొన్ని అక్షరాల దగ్గర బరువుగా వస్తోంది.

"మేడం, మీరు నడక నేర్పుతరని చెప్పిండ్రు" అన్నాడు.

పెద్దావిడ చాప మీంచి తల తిప్పి చూసింది. ఆమె ముఖంలో ఏ ఆలోచన వచ్చిందో నాకు తెలుసు. నాకూ ముందు అదే వచ్చింది. దగ్గరికి వెళ్లి నిలబడ్డప్పుడు సారా వాసన కోసం వెతికానని ఒప్పుకుంటున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నా వేలిని, తన ముక్కును మార్చి మార్చి ముట్టుకోమన్నాను. అతని వేలు నా వేలి దగ్గరికి వచ్చేకొద్దీ పక్కలకు ఊగింది. కళ్లు పక్కకు తిప్పమంటే గుడ్లు అదిరాయి. చిన్నమెదడు దెబ్బతిన్న మనిషి నడక, మాట, చేయి ఎలా ఉంటాయో అన్నీ అలాగే ఉన్నాయి. చిన్నమెదడు దెబ్బతిన్న మనిషి సరిగ్గా తాగిన మనిషిలాగే కనిపిస్తాడు.

సంగతి భార్య చెప్పింది. అతను ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారు. రెండేళ్లుగా నడక తేడా పడింది. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి అతను వరండాలో నడిచి రావడం చూశాడు. బల్లమీది సుద్దముక్క తీసుకుని వరండా పొడుగునా ఒక గీత గీశాడు. పిల్లలందరూ చూస్తుండగా ఆ గీతమీద నడవమన్నాడు.

"నాలుగడుగులేసి గోడకు ఆనుకుండు. పిల్లలు నవ్విండ్రు. ఆఫీసరు గూడ నవ్విండు. 'పొద్దున్నే ఎక్కించినవా సారూ, మీ వోళ్లకు ఇప్పసారా నీళ్ల లెక్కనే గదా' అన్నడు. తెల్లారి సస్పెండ్ కాయితమొచ్చింది" అంది.

"వాసన చూడలేదా? డాక్టరు దగ్గరికి పంపలేదా?"

"అడివోళ్లకు గవన్నీ ఎందుకక్కా."

ఆమె కోపంగా అనలేదు. బస్సు టైం చెప్పినట్టు చెప్పింది. ఆ కోపమేదో అప్పటినుంచీ నేనే మోస్తున్నాను.

అతను సారా ముట్టకపోవడానికి కారణం ఉంది. అతని తండ్రి కూడా ముప్పై అయిదు దాటాక ఇలాగే ఊగేవాడట. ఆ తండ్రి తాగేవాడు. కానీ ఊళ్లో మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ కాదు. అయినా అందరూ తాగుబోతనే అన్నారు. ఆ పేరుతోనే పోయాడు. అప్పటికి పదో తరగతిలో ఉన్న ఈ కొడుకు, సారా ఎన్నడూ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. విత్తనాల పండగకు ఊళ్లో అందరూ వరసగా కూర్చుని, ఇప్పసారా పోసిన ఆకుదొప్పను ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటారు. వద్దనడం ఊరిని అవమానించినట్టు. అతను దొప్పను రెండు చేతులా అందుకుని, నుదుటికి తాకించి, పక్కవాడికి ఇచ్చేవాడు. పాతికేళ్లుగా అంతే. ఊరంతటికీ తెలుసు. ఊరు దాటి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

వాళ్లను హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానాకు పంపాను. స్కానింగులో చిన్నమెదడు కుంచించుకుపోయి కనిపించింది. వంశంలో వచ్చే జబ్బు కావచ్చని అన్నారు. కానీ చీటీ రాసిన కుర్రడాక్టరు ఊరి పేరు చూసి, భార్యను మొదట అడిగిన ప్రశ్న, "ఎన్నేండ్ల నుంచి తాగుతున్నడు?" ఆమె తాగడని చెప్పింది. డాక్టరు చీటీలో, 'తాగుడు లేదని భార్య చెబుతోంది' అని ఇంగ్లీషులో రాశాడు. నేను ఎన్నో కేసుచీటీలు చూశాను. ఊళ్లో పెద్ద రైతుకో బ్యాంకు మేనేజరుకో అలా రాయరు. వాళ్లకు తాగుడు లేదు అని రాస్తారు. భార్య చెబుతోంది అని రాయరు.

ఆ చీటీ పట్టుకుని వాళ్లు మళ్లీ నా దగ్గరికి వచ్చారు. విచారణకు మూడు నెలలు టైముంది. అదే అధికారి, అదే వరండా.

నేను చేయాలనుకున్నది చెప్పాను. కాళ్లు ఎడంగానే ఉంచాలి. శరీరం తనను తాను కాపాడుకోవడానికి తీసుకున్న ఎడం అది. చేతికర్ర పట్టుకోవాలి. నేలమీద నడుమూ పొత్తికడుపూ గట్టిపరుచుకోవాలి. పడకుండా ఉండడమే మన పని.

అతను అంతా విని, నెమ్మదిగా అన్నాడు. "జబ్బు తగ్గించమంటలేను మేడం. తగ్గదని మీరే చెప్పిండ్రు. నన్ను ఆ గీత మీద నడిపియ్యండి."

"గీతమీద నడవడమంటే కాళ్లు దగ్గర పెట్టాలి సార్. అది మీకు ప్రమాదం."

"ఉద్యోగం పోతే ప్రమాదం గాదా? మా నాయన తాగుబోతని పోయిండు. నేను గూడ గట్లనే పోవాల్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాల్సింది. జబ్బున్న మనిషి గీతమీద నడవనక్కర్లేదు, నడవమన్నవాడిదే తప్పు, ఆ గీతనే ఒప్పుకోవద్దు అని చెప్పాల్సింది. చెప్పలేదు. గోడ వారగా, గది పొడుగునా, ఒక సుద్దగీత గీశాను.

ఇక మా గదిలో రెండు రకాల గీతలయ్యాయి. పెద్దావిడకు అడ్డగీతలు, అతనికి నిలువుగీత. ఆమెను నడిపించే గీతలే అతన్ని తికమక పెట్టేవి.

"మాస్టారూ, నా గీతల మీదికి రాకండి. లెక్కల మాస్టారంటే గీతలు చక్కగా గీసేవారనుకున్నా" అనేది పెద్దావిడ.

"గీసుడు వచ్చమ్మా. నడుసుడే రాదు."

"నాకు నడవడం వచ్చు, మొదలెట్టడమే రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం."

మొదటిరోజు అతన్ని అనుమానంగా చూసినందుకు ఆమె ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. మూడో వారం నుంచి ఇంట్లో చేసిన సున్నుండలు డబ్బాలో తెచ్చి అతని చాప పక్కన పెట్టేది. అతను ఒకటి తిని, మిగతావి భార్యకు ఇచ్చేవాడు.

అతను కష్టపడ్డట్టు నా దగ్గర ఇంకెవరూ కష్టపడలేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ తుంటిని లేపి, ఒక్కో వెన్నుపూసా నేలకు ఆనేలా దించాలి. పుస్తకంలో ఉన్న మాటలు చెబితే అతనికి పట్టలేదు. ఒకరోజు అడిగాను.

"తునికాకు కట్టల మూట నెత్తిన పెట్టుకుని వాగు దాటేటప్పుడు ఏం చేస్తారు సార్?"

"దాటేటప్పుడు మాట్లాడం మేడం."

"ఎందుకు?"

పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూపించాడు. "మాట్లాడితే కడుపు వదులైతది."

ఆ తర్వాత నేను వాగు అంటే చాలు. బిగించేవాడు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి ఎదురెదురు కాలూ చెయ్యీ చాపడం, పక్కకు పడుకుని మోకాలు తెరవడం, సైకిల్ ట్యూబుకు ఎదురుగా చేతులు లాగడం, అన్నీ రోజూ ఇంట్లో కూడా చేసేవాడు. మాటకోసం కూడా అదే ఊపిరి వాడాం. ఊపిరి వదులుతూ నాలుగు మాటలు, ఆగడం, మళ్లీ నాలుగు మాటలు. ఎక్కాలు అప్పగించినట్టు చెప్పేవాడు.

నెల తిరిగేసరికి గీతమీద అయిదు అడుగులు. రెండో నెల చివర తొమ్మిది. మూడో నెలలో పద్నాలుగు. వరండా పొడుగు పద్నాలుగు అడుగులేనని భార్య అడుగులు కొలిచి వచ్చింది. ఎదురుగా గోడమీద ఒక చోట చూపు నిలిపి, ఊపిరి వదులుతూ, పాదం ముందు పాదం పెట్టి నడిచేవాడు. చివర వెనక్కి తిరగడం మాత్రం ఎప్పుడూ రాలేదు. తిరిగితే పడేవాడు. నేను పట్టుకునేదాన్ని. వరండా చివర గోడ ఉంది, దాన్ని పట్టుకుని నిలబడితే చాలు అనుకున్నాం. పద్నాలుగు అడుగులు నడిచినరోజు పెద్దావిడ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

విచారణరోజు నేనూ వెళ్లాను. చీటీలు, స్కానింగు ఫిల్ములు, నేను రాసిన రిపోర్టు అన్నీ ఒక సంచిలో పెట్టుకున్నాను. బస్సు దిగి ఎర్రమట్టి దారిలో కొంత దూరం నడవాలి. భార్య అతని భుజం కింద చెయ్యి వేసి నడిపించింది. బడి గేటు కనిపించగానే అతను ఆమె చెయ్యి తీసేశాడు.

వరండాలో బల్ల, కుర్చీలు వేశారు. అధికారి, పక్కన గుమాస్తా. పెద్దసారు నిలబడి ఉన్నాడు. సుద్దగీత అప్పటికే గీసి ఉంది. దాని అవసరం లేదని, ముందు కాగితాలు చూడమని అడిగాను. అధికారి చీటీ తీసుకుని చదివాడు.

"చిన్నమెదడు దెబ్బతింది. సరే. తాగితే గూడ చిన్నమెదడు దెబ్బతింటది గదా మేడం?"

"తింటుంది. కానీ ఈయన తాగరు."

"ఎవరు చెప్పిండ్రు?" చీటీలో వేలు పెట్టి చదివాడు. "భార్య చెబుతోంది. భార్య ఏమని చెబుతది మరి?" గుమాస్తా నవ్వాడు. అధికారి అతని వైపు తిరిగాడు. "ఏం సారూ, నడుస్తవా?"

అతను నడిచాడు. పద్నాలుగు అడుగులు. పాదం ముందు పాదం. ఒక్కసారి కూడా గీత దాటలేదు. చివర గోడమీద అరచెయ్యి ఆనించి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. తరగతుల కిటికీల్లోంచి పిల్లలు చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. గోడ దగ్గరే నిలబెట్టి పాఠం చదవమంటే నాలుగేసి మాటలుగా చదివాడు. తప్పు పోలేదు.

అధికారి ముఖం విప్పారింది. నిజంగానే సంతోషించాడు. అది నటన కాదు, అందుకే ఇంకా మండుతుంది. లేచి వెళ్లి అతని భుజం తట్టాడు. "చూసిండ్రా? మానేస్తే మనిషి ఎంత బాగుపడతడో. ఆనాడు గట్ల ఊగినోడేనా ఈన?"

"సార్, ఇది జబ్బు. మూడు నెలలు నేర్చుకుని నడిచారు" అన్నాను.

"జబ్బు తగ్గేదేనా మేడం?"

"కాదు. ముదురుతుంది. నా రిపోర్టులో రాశాను."

"మరి ఆనాడు ఊగిండు, ఇయ్యాల ఊగుతలేడు. ముదిరే జబ్బు మూడు నెలల్ల ఎట్ల పోయింది?"

నా దగ్గర జవాబు ఒకటే ఉంది. వెనక్కి తిరగమనండి సార్, అప్పుడు తెలుస్తుంది, అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే అతను అందరి ముందూ పడతాడు. పడితే జబ్బు నిజమని తేలుతుంది. నేను అతని వైపు చూశాను. గోడ పట్టుకునే తల కొంచెం తిప్పి నన్ను చూశాడు. నేనేం అనబోతున్నానో తెలిసింది. తల అడ్డంగా ఊపాడు.

నేను స్కానింగు ఫిల్ములు తిరిగి సంచిలో పెట్టేశాను.

గుమాస్తా ఒక కాగితం రాసుకొచ్చాడు. మద్యపానం మానుకున్నానని, ఇకముందు తాగి విధులకు రానని హామీ ఇస్తూ అతను సంతకం పెట్టాలి. పెడితే తిరిగి ఉద్యోగం. పెట్టకపోతే విచారణ ఇంకా సాగుతుంది. భార్య వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంది. అతను ఒక్కమాటలో జవాబిచ్చాడు. నాకు అర్థం కాలేదు కానీ ఆమె తల దించుకుంది. అతను బల్లమీదికి వంగి పెన్ను పట్టుకున్నాడు. వేళ్లు ఊగాయి, సంతకం కొండలూ లోయలుగా వచ్చింది.

"మందు మానినంక కొన్నాళ్లు చేతులు వణుకుతయ్‌లే" అన్నాడు గుమాస్తా, ఓదార్పుగా.

తాగలేదని నిరూపించుకోవడానికి మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకున్న మనిషి, ఉద్యోగం కోసం తాగానని రాసిచ్చాడు. నేను నేర్పిన నడకే అతని మీద సాక్ష్యమైంది. నడవలేకపోతే తాగినట్టు, నడిస్తే తాగుడు మానినట్టు. ఆ వరండాలో తాగని మనిషి నిలబడడానికి జాగా లేదు. చదువుకున్నదాన్ని, నాకు ఇది ముందే తట్టాల్సింది.

వికలాంగుల సర్టిఫికెట్టు కోసం కూడా తిరిగాం. అప్పటి ఫారంలో చెయ్యి, కాలు, కన్ను, చెవి ఉన్నాయి. చిన్నమెదడుకు చోటు లేదు. "కాళ్లు రెండూ ఉన్నయి గదా" అన్నారు అక్కడ. పైగా జబ్బని సర్టిఫికెట్టు పెడితే, రాసిచ్చిన హామీ ఏమిటని అడుగుతారేమోనని అతనికి భయం.

ఉద్యోగంలో చేరాక కూడా శనివారాలు వచ్చేవాడు. నేను నేర్పింది మాన్పించడానికి నానా తంటాలు పడ్డాను. కాళ్లు ఎడం పెట్టండి సార్ అంటే పెట్టేవాడు. గదిలో బాగానే నడిచేవాడు. గుమ్మం దగ్గర ఎవరైనా కొత్త మనిషి కనిపిస్తే చాలు, పాదాలు దగ్గరికి వచ్చేసేవి. ఎవరైనా చూస్తున్నారంటే గీతమీద నడిచేవాడు, గీత లేకపోయినా.

పెద్దావిడ ఒకరోజు తన చేతికర్ర అతనికి అందించింది. "తీసుకోండి మాస్టారూ. మా ఇంట్లో ఇంకోటుంది."

"కర్ర పట్టుకుంటే ఏమైందని అడుగుతరమ్మా."

"చెప్పండి మరి, జబ్బని."

"జబ్బంటే మళ్లీ గీత గీస్తరు."

ఆమె కర్ర వెనక్కి తీసుకుంది. ఇంక ఎప్పుడూ తొక్కుడుబిళ్ల జోకు వేయలేదు.

రెండో ఏడు వానాకాలంలో బడి మెట్ల దగ్గర పడ్డాడు. కొత్తగా వచ్చిన పంతులమ్మ ఎదురొస్తుంటే పాదాలు దగ్గర పెట్టుకుని మెట్టు దిగాడట. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది కానీ మంచం దిగలేదు. మంచం పక్కన కూర్చుని ఊపిరి పని చేయించేదాన్ని. వాగు అంటే కడుపు బిగించడానికి చూసేవాడు. మింగడం కష్టమైంది. చలికాలంలో ఛాతీలో నిమ్ము చేరింది. పోయాడు.

వాళ్ల ఊరి పద్ధతి ప్రకారం పోయినవాళ్లకు గుర్తుగా ఒక రాయి నిలబెట్టి, ఆకుదొప్పతో ఇప్పసారా పోస్తారు. నేను ఒక పక్కగా నిలబడి చూస్తున్నాను. పెద్దమనిషి దొప్ప నింపి వంగాడు. వంగినవాడు ఆగాడు. దొప్పను రాతికి తాకించి, ఒక్క చుక్క కూడా కింద పడకుండా, పక్కనున్న మనిషికి అందించాడు. ఆ మనిషి తాగాడు. తర్వాత పెద్దమనిషి నాకోసం తెలుగులో చెప్పాడు. "బతికున్నప్పుడు నెత్తికి తాకిచ్చి పక్కకిచ్చేటోడమ్మా. సచ్చినంక బలిమిన తాగియ్యాల్నా?"

అదే వారం బడిలో సంతాప సభ. అక్కడ మాట్లాడినవాళ్లందరూ చదువుకున్నవాళ్లు. పెద్దసారు అన్నది మొదటే రాశాను.

ఆ తర్వాత నేను ఆఫీసుకు అర్జీ పెట్టాను. అతని సర్వీసు పుస్తకంలో మద్యపానం అన్న మాట కొట్టివేయాలని, దవాఖానా కాగితాలు జత చేశానని రాశాను. చాలా నెలలకు జవాబొచ్చింది. ఉద్యోగి మరణించినందున అర్జీపై చర్య అవసరం లేదని. అంతే. ఆ జవాబు ఇవ్వడానికి ముందు ఎవరూ ఆ కాగితాలు తెరిచి చూసి ఉండరు.

అతని భార్యకు కబురు చేస్తే కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. అమ్మాయికి పన్నెండేళ్లుంటాయి. పెద్దావిడ తన చాప మీద ఉంది. నేను జవాబు చదివి చెప్పాను.

"అయితే కాయితంల ఆయన తాగినోడేనా అక్కా?"

"అవును."

"మరి రేపు దీనికొస్తే?" కూతురి తలమీద చెయ్యి పెట్టింది. "ఇది నాయన జబ్బని దవాఖానల చెబితే, మీ నాయన తాగినోడు గదా అంటరా? దీన్ని గూడ తాగినవా అని అడుగుతరా?"

నేను అలా ఆలోచించలేదు. తండ్రి పేరు కోసమే పోరాడుతున్నాననుకున్నాను. తాతది తాగుడు, తండ్రిది తాగుడు అని రాసి ఉంటే, మూడో తరంలో అదే నడక వచ్చినప్పుడు వెతకడానికి జబ్బే ఉండదు.

పెద్దావిడ చాప మీంచే అంది. "రాయమ్మాయ్. వాళ్లు రాయకపోతే నువ్వు రాయి. నేను సంతకం పెడతాను. వణుకుతుందిలే, అయినా నాదే."

అమ్మాయిని గదిలో నడవమన్నాను. గోడ వారగా ఇంకా లీలగా మిగిలిన నిలువుగీతను తడిగుడ్డతో ముందే తుడిచేశాను. కిటికీ దాకా తనకు నచ్చినట్టు వెళ్లి, వెనక్కి తిరిగి రమ్మన్నాను. వెళ్లింది. తిరిగింది. వచ్చింది. ముక్కూ వేలూ ముట్టించి చూశాను. ఆ రోజుకు తేడా ఏమీ లేదు. ఏడాదికోసారి తీసుకురమ్మని తల్లికి చెప్పి, నా రిజిస్టరులో ఆమె పేరుతో కొత్త పేజీ తెరిచాను.

తండ్రి: చిన్నమెదడు జబ్బు. తాత: బహుశా అదే జబ్బు. తండ్రికి మద్యం: లేదు.

తల్లి ఆ చివరి మాట చదివి వినిపించమంది. వినిపించాను. భార్య చెబుతోంది అని రాయలేదు కదా అని అడిగింది. లేదన్నాను. రిజిస్టరును ఆమె వైపు తిప్పి పెట్టాను. వేలు పెట్టి 'లేదు' అన్న మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను.